పెలికాన్ టౌన్‌లో చేపల వేట

పెలికాన్ టౌన్ ఏ భూగోళపటంలోనూ కనిపించదు. అది 2016లో వచ్చిన ‘స్టార్‌డ్యూ వాలీ’ అనే వీడియో ఆటలో ఉన్నది. ఆ ఆటను ఎరిక్ బరోన్ ఒక్కడే తయారుచేశాడు.

వసంతం రెండవనాడు సముద్రపుటొడ్డుకు వెళితే, విల్లీ అనే బెస్త మనకు వెదురుగాలం ఇస్తాడు. చేప తగలగానే తెర మీద ఆకుపచ్చ పట్టీ కనిపిస్తుంది. చేప ఆ పట్టీ దాటిపోకుండా చూసుకోవాలి. కొత్తవాళ్ళు కంగారుపడి మీట నొక్కిపెట్టేసరికి పట్టీ పైకి ఎగిరిపోతుంది, చేప కాస్తా తప్పించుకుంటుంది! మీటను మెల్లగా తడుతూ ఉంటే పట్టీ నిలకడగా ఉంటుంది.

అప్పటికీ కుదరకపోతే విల్లీ దుకాణంలో 25 నాణాలకు నేర్చుకునేవారి గాలం దొరుకుతుంది. దానికి పట్టీ పెద్దది. కాని మామూలు చేపలే పడతాయి. కొంత నేర్పు వచ్చాక పీతలబుట్టలో ఎర పెట్టి, నీటిలో వదిలి, పొలం పనికి పోవచ్చు. తెల్లవారి వచ్చి చూసుకుంటే సరి.

చేప పోయినా దిగులెందుకు? రేపు కూడా ఆ సముద్రం అక్కడే ఉంటుంది!