కార్వేటినగరం నుంచి సెరంగూన్ రోడ్డుకు

కార్వేటినగరంలో బస్సెక్కితే పుత్తూరు. అక్కడ సప్తగిరి ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే చెన్నై సెంట్రల్. సెంట్రల్లో మెట్రో ఎక్కితే నేరుగా విమానాశ్రయం. వేణుగోపాలస్వామి గుడికీ, స్కంద పుష్కరిణికీ, సారంగపాణి పదాలకూ పేరుపడ్డ ఈ పాత సంస్థానం ఊరి నుంచి సింగపూరు విమానం దాకా దారి ఇంత సూటిగా ఉంది. తిరుపతివాళ్లకు రేణిగుంట విమానాశ్రయం దగ్గరే అయినా, సింగపూరు వెళ్లడానికి ఈ వైపు జనం పట్టేది చెన్నై దారే.

అయినా చాలామంది వెనకాడతారు. భయం విమానమంటే కాదు, దిగాక ఏం చేయాలన్నదే. ఎవరిని అడగాలి, ఏ బండి ఎక్కాలి, రాత్రికి ఎక్కడ తల దాచుకోవాలి? కార్వేటినగరం నుంచి తొలిసారి విదేశానికి బయల్దేరిన ఒక దంపతుల వెంట వెళ్లి, ఈ మూడు ప్రశ్నలకూ సింగపూరులోని చాంగీ విమానాశ్రయంలో జవాబులు ఎలా దొరికాయో దగ్గరుండి చూశాం. ఆయన రిటైరైన హైస్కూలు మాస్టారు. ఆమె పుట్టిల్లు సరిహద్దు అవతల పళ్లిపట్టు, చిన్నప్పుడు చదువంతా తమిళంలోనే.

సగం పని ఇంట్లోనే అయిపోతుంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు సింగపూరు వీసా తప్పనిసరి. అధీకృత ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేస్తే ఎలక్ట్రానిక్ వీసా వస్తుంది. దాన్ని కాగితం మీద ముద్రించుకుని వెంట పెట్టుకోవాలి. రెండోది అరైవల్ కార్డు. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు సింగపూరు ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నింపాలి. దీనికి పైసా కట్టక్కర్లేదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని తెలుసుకుని వెంటనే మూసేయాలి. మూడోది బస చిరునామా. అరైవల్ కార్డులో హోటల్ పేరు అడుగుతారు కాబట్టి గది ముందే ఖాయం చేసుకోవడం మంచిది. మాస్టారు ఈ కాగితాలకు తిరుగు టికెట్ కూడా జతచేసి, అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నారు.

సంచుల విషయంలోనూ జాగ్రత్త కావాలి. నమిలే పొగాకు, ఈ-సిగరెట్లు సింగపూరులో నిషిద్ధం. మామూలు సిగరెట్లకు సుంకం మినహాయింపు అస్సలు లేదు, ఒక్క పెట్టె ఉన్నా రెడ్ చానల్‌కు వెళ్లి చెప్పి పన్ను కట్టాలి. చూయింగ్ గమ్ అమ్మకానికి 1992 నుంచే అక్కడ అడ్డుకట్ట పడింది. మాంసం పచ్చళ్లు ఇంట్లోనే వదిలిపెట్టడం మేలు.

చెన్నైలో రాత్రి బయల్దేరిన విమానం నాలుగు గంటల పైచిలుకు ఎగిరి తెల్లవారుజామున చాంగీలో దిగింది. గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు జరపాలి. 1981లో ఒక్క టెర్మినల్‌తో మొదలైన ఈ విమానాశ్రయంలో ఇప్పుడు నాలుగు ఉన్నాయి. తివాచీ పరిచిన పొడవాటి దారులు, తల పైన బాణం గుర్తులు. బాణాల వెంటే నడిస్తే ఇమిగ్రేషన్ హాలు వచ్చేస్తుంది.

అక్కడ మాస్టారు పాస్‌పోర్టు ఫోటో పేజీని యంత్రం మీద పెట్టారు. గేటు తెరుచుకుంది. లోపల నిలబడితే కెమెరా ముఖాన్ని చూసింది, రెండో గేటూ తెరుచుకుంది. ఆయన అవతలికి వచ్చి పాస్‌పోర్టు పేజీలన్నీ తిరగేశారు. "ముద్ర ఎయ్యలేదే, రేపు తిరిగి పొయ్యేటప్పుడు పట్టుకోరు కదా?" అన్నారు ఆదుర్దాగా. ముద్ర పద్ధతి అక్కడ పోయింది. ఎన్ని రోజులు ఉండవచ్చో తెలిపే పాస్ ఈ-మెయిల్‌కే వస్తుంది. అందుకే అరైవల్ కార్డులో ఏజెంటు మెయిల్ కాకుండా సొంత మెయిల్ ఇవ్వాలి. గేటు తెరుచుకోకపోతే కంగారు అక్కర్లేదు, పక్కనే మనుషులున్న కౌంటర్లు ఉంటాయి.

లగేజీ తీసుకుని బయటికొచ్చాక ముందు నడిచింది ఆమే. సింగపూరు అధికార భాషలు నాలుగు: ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళం. ముఖ్యమైన హెచ్చరికలు నాలుగింటిలోనూ రాసి ఉంటాయి. రైలు స్టేషన్లో ఆమె ఒక బోర్డు ముందు ఆగి తమిళ వరుసను గట్టిగా చదివారు, మాస్టారు ఇంగ్లీషు వరుసతో సరిచూసుకున్నారు. నేల తుడుస్తున్న కార్మికుణ్ణి ఆమె తమిళంలో దారి అడిగితే, అతను పని ఆపి రైలు ఎక్కడ మారాలో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. కార్వేటినగరం, నగరి, పుత్తూరు ప్రాంతాల్లో ఇంటికొకరికైనా తమిళం వస్తుంది. ఇక్కడ దాన్ని చదువుగా ఎవరూ లెక్కపెట్టరు. చాంగీలో అదే పెద్ద ఆస్తి అయింది.

రైలు స్టేషన్ రెండు, మూడు టెర్మినళ్ల మధ్య నేలకింద ఉంది. ఒకటో టెర్మినల్ నుంచి స్కైట్రెయిన్‌లో, నాలుగో టెర్మినల్ నుంచి ఉచిత బస్సులో అక్కడికి చేరవచ్చు. టికెట్ కౌంటర్ కోసం వెతకనక్కర్లేదు. తాకితే పనిచేసే వీసా లేదా మాస్టర్ కార్డును గేటు దగ్గర ఆనిస్తే చాలు. మన బ్యాంకు కార్డుకు కొద్దిపాటి అదనపు రుసుము పడుతుంది. అంతర్జాతీయ వాడకాన్ని బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో తెరిచి ఉంచుకోవాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అదే కార్డు ఆనించాలి, ఒక కార్డుతో ఇద్దరు పోవడం కుదరదు. తానా మేరా దగ్గర ఒకసారి, బుగిస్ దగ్గర మరోసారి రైలు మారితే లిటిల్ ఇండియా స్టేషన్ వస్తుంది. ఛార్జీ మనిషికి రెండు డాలర్లకు అటూ ఇటూ. టాక్సీకి ఇంతకు ఎన్నో రెట్లు అవుతుంది, అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా మీటరు మీద మరో సగం వడ్డిస్తారు. రైళ్లు రాత్రి 11 దాటాక ఆగిపోతాయి.

బస దగ్గర చట్టం తెలిసి ఉండాలి. సింగపూరులో ప్రైవేటు ఇళ్లను 3 నెలల కన్నా తక్కువ కాలానికి అద్దెకివ్వడం నేరం. చవకగా రెండు రోజులకు ఫ్లాట్ ఇస్తామనే ప్రకటనలను నమ్మకూడదు. లైసెన్సు ఉన్న హోటళ్లు, హాస్టళ్లే దారి. లిటిల్ ఇండియాలోని సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల అన్ని స్థాయిల్లోనూ ఇవి దొరుకుతాయి. గది మాత్రం మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు గానీ ఇవ్వరు. ఈ దంపతులు సంచులు రిసెప్షన్లో ఉంచి, ముఖం కడుక్కుని, టిఫినుకు వెళ్లారు. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ ఆ రోడ్డు మీదే ఉంది. దోసె, సాంబారు ముందుకొచ్చాక మాస్టారి ముఖంలో బెరుకు పోయింది.

అదే రోడ్డులో ఫారర్ పార్క్ స్టేషన్ దగ్గర శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. 1855లో వెలసిన ఈ ఆలయాన్ని 1978లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. తిరుపతి పక్క ఊరివాళ్లమని ఆమె చెప్పగానే అర్చకులు ఆప్యాయంగా మాట్లాడారు. ఈ నగరంలో తెలుగువాళ్లకు 1975 నుంచి సింగపూరు తెలుగు సమాజం కూడా ఉంది.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పాస్‌పోర్టు చేయించుకుని బీరువాలో పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు మేం చెప్పేది ఇంతే: మొదటి విదేశీ ప్రయాణానికి సింగపూరునే ఎంచుకోండి. పగటిపూట దిగే విమానం చూసుకుని టికెట్ కొనండి, మొదటి రెండు రాత్రులకైనా గది ముందే తీసుకోండి, తమిళం వచ్చిన అమ్మనో అత్తనో తప్పక వెంటబెట్టుకుని వెళ్లండి.