పుదుప్పేటలో సీసా పరీక్ష

చెన్నపట్నంలో ఎగ్మూరు స్టేషనుకు రాకపోకలు చేసే మనవారిలో, దానికి దగ్గరలోనే ఉన్న పుదుప్పేట వీధులు చూచినవారు కొద్దిమందే. పాత మోటారు బండ్లను ఊడదీసి భాగాలుగా అమ్మే పేట అది. తలుపులు, గేరు పెట్టెలు, చక్రాలు దారికి రెండు ప్రక్కలా గుట్టలుగా ఉంటాయి. దాని ప్రక్కనే చింతాద్రిపేట. 1734లో సుంకు రామశెట్టిగారి తోటలో నేతపనివారి కోసం వెలసిన పేట.

మేము అక్కడికి పోయింది వేడుక చూడడానికి కాదు. మా తమ్ముడు ఒక పాత డీజిలు పికప్ బండిలో కోయంబేడు నుంచి వేళచ్చేరి అంగళ్ళకు కూరగాయలు తోలుతాడు. ఇల్లు గడిచేది దానితోనే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు బండి రెండు రోజులు నీళ్ళలో నిలిచింది. కొన్ని నెలలకు జబ్బు బయటపడింది. ఉదయం చక్కగా స్టార్టయ్యేది. బరువుతో వంతెన ఎక్కబోతే ఆయాసపడి ఆగిపోయేది. ఇంటి దగ్గరి మెకానిక్కు, పంపు పోయింది, మార్చాలన్నాడు. ఆ ఖర్చు విని మా మరదలు గాజులు తీసి బల్లమీద పెట్టింది.

పుదుప్పేట మేస్త్రీగారు నెల్లూరు వైపు వారు. తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగిస్తారు. “పంపు సంగతి తర్వాత, ముందు సీసా తే నాయనా” అన్నారు.

ఫిల్టరు అడుగున ఉన్న మర వదులుచేసి, కారినదంతా గాజుసీసాలో పట్టి కదలకుండా ఉంచారు. మేము కాఫీ త్రాగి వచ్చేసరికి అడుగున మూడు వేళ్ళ ఎత్తు నీళ్ళు, పైన డీజిలు, నడుమ నల్లని జిగురు! డీజిలు లీటరుకు 850 గ్రాములైనా తూగదు గనుక నీటిమీద తేలుతుంది. నీటిలో బ్రతుకుతూ డీజిలును తినే సూక్ష్మజీవుల వల్ల పుట్టినది ఆ జిగురు. బంకువాణ్ణి తిట్టడం మనకు అలవాటు గదా. అదీ చూద్దామని, అదే బంకు డీజిలు వేరొక సీసాలో తెప్పించారు. అది తేటగా ఉన్నది.

పాత ఫిల్టరు కోసి చూపితే కాగితం మడతలనిండా అదే జిగురు, తుప్పు రేణువులు. తీరికగా పోతే ఇంజనుకు చాలినంత డీజిలు దూరుతుంది; బరువెక్కితే చాలదు. పంపుకు ముందు ఒక తెల్లని గొట్టం ముక్క కలిపి చూశారు. బుడగలు లేవు గనుక గాలి పీల్చడం లేదు.

ఇక అసలు పరీక్ష. కొత్త ఫిల్టరు వేసి, ట్యాంకు గొట్టం విడదీసి, తేట డీజిలు క్యానుకు కలిపారు. వెనుక పాత ఇనుము నింపి గాంధీ ఇర్విన్ వంతెన ఎక్కించారు. మా తమ్ముడు స్టీరింగు గట్టిగా పట్టుకొని ఊపిరి బిగబట్టాడు. బండి ఆగలేదు! పంపు బాగానే ఉన్నది. రోగం ట్యాంకులో ఉన్నది.

పంపులో కదిలే భాగాలకు డీజిలే కందెన. నీళ్ళు పోతే అవి తుప్పుపట్టి గీతలు పడతాయి. ఇంకా కొన్నాళ్ళు అలాగే నడిపితే మొదటి మెకానిక్కు మాటే నిజమయ్యేది. నోజిళ్ళలో ఒకటి అప్పటికే చెడింది, దానిని మార్చారు. ట్యాంకు దించి, కడిగి, ఆరబెట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ కూరగాయలు అద్దె బండిలో పోయినవి.

వానకాలంలో ట్యాంకు సగం ఖాళీగా ఉంచవద్దని, లోపలి గాలిలోని తేమ రాత్రిళ్ళు నీరై దిగుతుందని మేస్త్రీగారు చెప్పారు. తుపాను నీళ్ళలో నిలిచిన బండిని స్టార్టు చేయకముందే ఫిల్టరు మర విప్పి చూడాలట. గాజులు తిరిగి మరదలి చేతికే చేరినవి.