శవాల చదువు కాదమ్మమ్మా!

'పిల్లేం చదువుతోంది?' అని ఎవరైనా అడిగితే మా అక్క 'ఎమ్మెస్సీ' అని ఊరుకుంటుంది. గుచ్చి గుచ్చి అడిగితేనే ఫోరెన్సిక్ సైన్స్ అని బయటపెడుతుంది. మా అమ్మదైతే ఒకటే గోల- 'బంగారంలాంటి కెమిస్ట్రీ వదిలేసి ఆడపిల్లకి శవాల చదువేమిటే! రేపు సంబంధాలవాళ్లకి ఏమని చెప్పాలి?' ఉస్మానియాలో సీటొచ్చింది కాబట్టి సరిపోయింది. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ వర్సిటీ అయితే గడప దాటనిచ్చేది కాదు.

నిజానికి శవపరీక్ష చేసేది డాక్టర్లు. ఎంబీబీఎస్ తర్వాత ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎండీ చేసే దారి అది. మా మేనకోడలు చదివేది చాలావరకూ అమ్మ వదిలేసిందనుకుంటున్న ఆ కెమిస్ట్రీనే! పురుగుమందు తాగి పోయాడని అనుమానం ఉంటే, డాక్టరు తీసిన కడుపు, కాలేయం భాగాలు చిక్కటి ఉప్పునీళ్ల సీసాల్లో ల్యాబ్‌కి వస్తాయి. వాటిలోంచి విషాన్ని వేరుచేసి అదేమిటో తేల్చాలి. ఆ రిపోర్టు కోసం అవతల ఓ కుటుంబం కళ్లు కాయలు కాచేలా చూస్తుంటుంది- కేసు తేలాలన్నా, బీమా సొమ్ము చేతికందాలన్నా.

'పరీక్ష ఎంత బాగా చేసినా సీసా మీద సీలు తేడా ఉంటే చాలు మావయ్యా, కోర్టులో లాయరు దాన్నే పట్టుకుంటాడు' అంది ఓసారి. సైన్సుకన్నా ఆ రాతకోతలే కష్టమట. సినిమాల్లో ఈ సంగతి ఎవరూ చూపించరు!

ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాల్సిందేనని 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. ఆ నిబంధన అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. అంటే మనుషులు కావాలి. కానీ కావాలనడం వేరు, నోటిఫికేషన్ పడటం వేరు. అక్క దిగులల్లా అక్కడే. నాదీ అదే. ఆ మాట పిల్లతో అన్నాను కూడా. 'తెలుసు' అంది, అంతే.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు రేషన్ షాపు మెషిన్ తన వేలిముద్ర తీసుకోవట్లేదని అమ్మ విసుక్కుంటుంటే, ఆ బొటనవేలు పట్టుకుని భూతద్దంతో చూసింది.

'అంట్లు తోమి తోమి గీతలు అరిగాయి అమ్మమ్మా. లోపలి పొర బాగుంటే అవే గీతలు మళ్లీ తేలతాయిలే.'

అమ్మ తన వేలు తనే కాసేపు చూసుకుంది. 'మరి నీ ఉద్యోగం ఎప్పుడు తేలుతుందే?' అంది.