కర్పూరపు కంతి

హారతి పళ్లెంలో వెలిగి, చిటికెడు బూడిదైనా మిగల్చకుండా పోయేదే మనకు తెలిసిన కర్పూరం. అదే కర్పూరం ఒంటినిండా పట్టిన మాను మాత్రం శతాబ్దాలు నిలుస్తుంది. జపాన్‌లోని హోర్యూజీ ఆలయంలో 7వ శతాబ్దపు కుదారా కన్నన్ విగ్రహం ఉంది. రెండు మీటర్లు దాటిన ఆ సన్నని రూపాన్ని చెక్కింది కర్పూరపు మానులోనే. దక్షిణ చైనా, తైవాన్, జపాన్‌లలో పెరిగే ఈ చెట్టు దాల్చినచెక్కకు దగ్గరి చుట్టం. ఆకు నలిపితే చాలు, గుడి గుర్తొస్తుంది.

చెక్కను గుర్తుపట్టడానికి కళ్లను నమ్ముకుంటే లాభం లేదు. లేత గోధుమ రంగు, ఎర్రటి చారలు, అక్కడక్కడా పాచి ఛాయ వేరే కలపలోనూ కనిపిస్తాయి. ముక్కే దిక్కు. పాత కర్పూరపుచెక్క పెట్టెకు వాసన లేదనిపిస్తే పైపొరలోని తైలం ఎగిరిపోయిందన్నమాట. అడుగున, ఎవరికీ కనపడని చోట గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే ఘాటు మళ్లీ పైకొస్తుంది. చైనా పెట్టెలకు లోపల వార్నిష్ వేయకుండా వదిలేది కూడా ఆ వాసన కోసమే; ఉన్నిబట్టలను పురుగు నుంచి కాయాల్సింది అదే మరి.

కంతి దగ్గరికొస్తే కళ్లదే రాజ్యం. మాను మీద ఒకచోట మొగ్గలు గుంపుగా పుట్టి, కొమ్మలుగా సాగకుండా లోపలే ఉండిపోతాయి. వాటిని తప్పించుకుంటూ నార సుడులు తిరుగుతూ పెరిగి, ఏళ్లకు పెద్ద బుడిపె అవుతుంది. కోస్తే, మొగ్గ అడ్డంగా తెగినచోట చుక్క, నిలువునా తెగినచోట ముల్లులాంటి గీత. చిత్రిక పట్టేవాడికి మాత్రం నరకమే: వేలెడు మేరకోసారి నార దిక్కు మారిపోయి, ఇక్కడ నున్నగా సాగిన చిత్రిక అక్కడ పెచ్చులు లేపుతుంది. అందుకే తరిణె మీద గిన్నెలుగా తిప్పుతారు, లేదా పల్చటి పొరలుగా కోసి బల్లలకు అతికిస్తారు. నూనె పట్టించిన ముక్కను వెలుతురులో కాస్త వంచి చూడాలి. ఇందాక నల్లగా ఉన్న సుడి పట్టుచీర మడతలా మెరుస్తుంది, మెరిసింది నల్లబడుతుంది.

చిక్కంతా ఇక్కడే. మెరుపు కావాలంటే నూనో లక్కో పట్టించాలి; పట్టిస్తే వాసన లోపలే బందీ. నేనైతే గిన్నె అడుగుభాగం పచ్చిగా వదిలేయమంటాను. బోర్లించి వాసన చూసేవాణ్ని చూసి నలుగురూ నవ్వితే నవ్వనీ.

ఆస్ట్రేలియాలో ఈ చెట్టుకు ఇంత మర్యాద లేదు. 1820ల్లో అక్కడికి తెచ్చారు. న్యూ సౌత్ వేల్స్ ఉత్తరాన అడవి నరికి పాడిపశువులను మేపిన నేలలు తర్వాత బీడుపడితే, పిట్టలు నల్లటి పళ్లు తిని విత్తనాలు చల్లాయి. ఇప్పుడక్కడ అది కలుపు చెట్టు. నరికిన మానులు తరిణె పట్టేవాళ్ల చేతుల్లో పడి సలాడ్ గిన్నెలవుతున్నాయి. గిన్నె అందానికి వంక పెట్టను గానీ, అందులో తినమంటే మాత్రం జంకుతాను. పచ్చకర్పూరం మోతాదు మించిన చక్కెర పొంగలి ఒక్కసారి తిన్నవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు.