ఊకే కదా అనుకుంటే...

విజయవాడ బెంజి సర్కిల్ దాటి, బందరు రోడ్డు మీదుగా కంకిపాడు చేరి, అక్కడ గుడివాడ వైపు తిరిగితే చాలు... రోడ్డుకు రెండు పక్కలా వరిచేలే. 1855 నాటికి కృష్ణమ్మకు అడ్డంగా ఆనకట్ట లేచింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ నీళ్లు పండించిన నేల ఇది. కోతలయ్యాక వస్తే చేల కంటే ముందు రైసుమిల్లుల గొట్టాలే కనిపిస్తాయి. వాటి వెనక గుట్టలుగా ఊక!

ఊకతోనే మిల్లుల్లో బాయిలర్లు మండిస్తారు, బట్టీల్లో ఇటుకలు కాలుస్తారు. గాలి ఇటు తిరిగిందంటే మాత్రం చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు అవస్థే. ఆరేసిన బట్టల మీద నల్లటి పొర, బండి మీద వెళ్లేవాళ్ల కళ్లలో గరగర. అలా గుచ్చుకోవడానికి కారణముంది. వరి మొక్క వేళ్లతో మట్టిలోని సిలికాను పీల్చి, గింజ పైపొట్టులో దాచుకుంటుంది. నూరు కిలోల ధాన్యం ఆడిస్తే వచ్చే ఊక సుమారు ఇరవై కిలోలు. దాన్ని కాలిస్తే మిగిలేది నాలుగు కిలోల బూడిద. అందులో నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికాయే.

'ఊకదంపుడు' అని తేలిగ్గా అనేస్తాం గానీ, 1970ల్లో అమెరికాలోని యుటా విశ్వవిద్యాలయంలో ఐవన్ కట్లర్ ఈ ఊకనే కొలిమిలో పెట్టారు. గాలి తగలకుండా వేడి చేస్తే ఊకలోని కార్బన్ బూడిదైపోకుండా మిగులుతుంది. వేడి 1500 డిగ్రీల దాకా పెంచితే అది సిలికాతో కలిసి సిలికాన్ కార్బైడ్ అవుతుంది. అందులో కొంత, తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని నూలుపోగుల్లా పెరుగుతుంది.

ఆ పోగులతో పనేమిటి? పింగాణీ కప్పు జారిపడితే ఏమవుతుందో తెలిసిందే. యంత్రాల్లో వాడే అల్యూమినా పింగాణీకీ అదే జబ్బు. ఎంత వేడినైనా ఓర్చుకుంటుంది, చిన్న బీట పడితే మాత్రం ఆ చివరి దాకా చీలిపోతుంది. అందులో ఈ పోగులు కలిపితే బీట ముందుకు సాగలేదు. పోగు అడ్డొచ్చిన చోటల్లా పక్కకు తిరగాలి, లేదా ఆ పోగును ఊడబెరుక్కుని వెళ్లాలి. అక్కడే దాని బలం అయిపోతుంది. మట్టిగోడకు మన తాతలు వరిగడ్డి కలిపి తొక్కింది ఇందుకే కదా! 1980ల్లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల ఈ పద్ధతిని బాగా ముందుకు తీసుకెళ్లింది. పగులును తట్టుకునే గుణం దాదాపు రెట్టింపైంది. జెట్ ఇంజిన్లకు వాడే నికెల్ మిశ్రమ లోహాలను చెక్కే పనిముట్లు అలా తయారయ్యాయి.

చిక్కు లేకపోలేదు. అంత సన్నని పోగులు ఊపిరితో లోపలికి పోతే ఊపిరితిత్తులకు ప్రమాదం. కుటీర పరిశ్రమలా పెరట్లో చేసే పని కాదు. ఇలాంటి ఆధునిక పింగాణీల మీద పరిశోధన చేసే ఏఆర్‌సీఐ సంస్థ హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్‌లోనే ఉంది.

గుడివాడ దారిలో పరదా కట్టిన ఊక లారీలు వెళ్లేది మాత్రం బాయిలర్లకూ బట్టీలకే. సాయంత్రం మిల్లు పక్క వీధిలో ఆడవాళ్లు తీగల మీది బట్టలు దులిపి మరీ లోపలికి తీసుకెళుతున్నారు.