పామిడిలో ఆగిన జీపు!

సినిమాల్లో కారు ఆగిపోతే ఏమవుతుంది? హీరో బానెట్ ఎత్తుతాడు, హీరోయిన్ ఎదురవుతుంది, పాట మొదలవుతుంది. పామిడిలో మాకు మాత్రం ఆవిరి మొదలైంది!

1983 మే నెల. గుత్తి నుంచి అనంతపురానికి జీపులో పోతున్నాం. అప్పటి 7వ నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి అది. మొదటి ఆటకి అందాల్సిన రీళ్ల పెట్టె నా కాళ్ల దగ్గరుంది. పెన్న వంతెన దగ్గర ఫ్యాన్ బెల్టు పుటుక్కున తెగింది. రేడియేటర్ బుస కొట్టింది. ఏట్లో చూద్దుము కదా, కనుచూపు మేరా ఇసుకే!

"బెల్టు లేందే ఫ్యానూ తిరగదు, నీళ్ల పంపూ తిరగదు" అన్నాడు డ్రైవరన్న. పామిడి బట్టల వ్యాపారానికి పేరున్న ఊరు. పరుగున పోయి నైలాన్ గుడ్డ తెచ్చాను. దాన్ని తాడులా పేని, కప్పీల మీద బిగించి కట్టాడు. బెల్టు సిద్ధం! మరి నీళ్లో?

ఇసుకలో చెలమ తోడుకుని, ఊరే నీటిని చిప్పతో బిందెలోకి ఎత్తుతోందొక పెద్దామె. తాగే నీళ్లాయె, అడగడానికి నోరు రాలేదు. ఆమే పలకరించింది.

"యాడికి పోవల్ల నాయనా?"

"అనంతపురానికమ్మా. సినిమా పెట్టె, ఆట టయానికి అందాల."

"పాపం, జనం కాసుకోనుంటారు. పోసుకోండి" అంటూ నిండు బిందె ఇచ్చేసింది!

ఇంజను చల్లారేదాకా ఆగి, మెల్లగా పోశాం. సుమారు 30 కిలోమీటర్లు, రెండుసార్లు ఆగి గుడ్డ బిగించుకుంటూ చేరాం. ఆట అరగంట ఆలస్యం. హీరో కనబడగానే హాలంతా ఈలలు!

నాకు మాత్రం ఖాళీ బిందెతో మళ్లీ చెలమ ముందు కూచున్న ఆ తల్లే కనిపించింది.