చేపల రేటు మీద కాపురం

2024 ఆగస్టు 16, శుక్రవారం
వరలక్ష్మీ వ్రతం. వాయినాలకని లిఫ్టు ఎక్కడం, దిగడంతోనే పొద్దు వాలింది. రెండో అంతస్తు ఆవిడ పుట్టిల్లు తమిరిశ. పైవాళ్లది కైకలూరు, కింద కొత్తగా దిగినవాళ్లది కలిదిండి. అన్నీ చేపల చెరువుల ఊళ్లే. మొగల్రాజపురంలో ఫ్లాటంటే విజయవాడలో ఖరీదైన చోటే కదా, ఇక్కడి ఆడవాళ్లు నగల గురించో నవలల గురించో మాట్లాడుకుంటారని మా చెల్లెలు అనుకుంటుంది. పసుపు కుంకాలు అయ్యాక కూర్చుని మేం మాట్లాడుకున్నది శీలావతి చేప కిలో ఎంత పలుకుతోంది, మేత తవుడు ఎంత పెరిగింది అనే. "చెరువు పట్టుబడి అయితే గానీ కప్‌బోర్డుల పని మొదలెట్టం వదినగారూ" అంది కలిదిండి ఆవిడ.

ఆగస్టు 21
సాయంత్రం సిద్ధార్థ కాలేజీ వైపు నడక. కాలేజీ 1975లో పెట్టింది. రోడ్డుకి ఇప్పుడున్న సోకు మాత్రం ఈ మధ్యదే: కాఫీ షాపులు, బొటిక్కులు, ఫుట్‌పాత్ మీద అడ్డంగా బైకులు. మా మనవరాలు నన్నూ ఒక కాఫీ షాపుకి లాక్కెళ్లింది. ఆ ఒక్క కాఫీ డబ్బు పెడితే మా ఊరి చెరువు గట్టున రెండు కిలోల శీలావతి వస్తుంది. కాఫీ బాగుందనే చెప్పాలి, నురగ మీద ఆకు బొమ్మ కూడా వేసి ఇచ్చాడు.

వచ్చేటప్పుడు మొగల్రాజపురం గుహల ముందు నుంచి వచ్చాం. కొండని తొలిచి విష్ణుకుండినుల కాలంలో చేసినవంటారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిపోయాయి. ఎవరో బాల్కనీలో ఆరేసిన దుప్పట్లు గుహ వాకిలికి ఎదురుగా ఊగుతున్నాయి.

ఆగస్టు 25, ఆదివారం
మరిది గుడివాడ బస్సులో సంచీ పంపాడు. బెంజి సర్కిల్ దగ్గర నిలబడ్డాను. చెన్నై నుంచి కలకత్తా పోయే 16వ నంబరు హైవే, పుణే నుంచి బందరు వచ్చే 65 ఇక్కడే కలుస్తాయి. ఫ్లైఓవర్లు వేశాక పైన వెళ్లేవాళ్లకి ఇక్కడ ఒక ఊరుందని కూడా తెలియదు. "నందివాడ సంచీ మీదేనామ్మా?" అంటూ కండక్టరు అందించాడు. గోంగూర, లేత బెండకాయలు, న్యూస్‌పేపరులో చుట్టిన ఎండు మెత్తళ్లు. లిఫ్టులో ఆ వాసనకి ఎవరో అబ్బాయి ముక్కు మూసుకున్నాడు. వాళ్ల నాన్న మాత్రం "మెత్తళ్లా అండీ?" అని ఆశగా అడిగాడు. రెండు గుప్పెళ్లు ఇచ్చాను.

ఆగస్టు 31, శనివారం
వాన ఆగలేదు. సున్నపుబట్టీల సెంటర్లో కొండచరియలు ఇళ్ల మీద పడ్డాయి, అయిదుగురు పోయారు. మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. మా పనమ్మాయి ఉండేది ఆ కొండ మెట్ల మీదే. పదింటి నుంచి ఫోను ఎత్తలేదు. మధ్యాహ్నం ఎత్తి, "ఇల్లు ఖాళీ చేయించారు అమ్మగారూ, స్కూల్లో ఉన్నాం. రేపు రాలేను, ఏమీ అనుకోకండి" అంది. ఆ పరిస్థితిలో కూడా మా అంట్ల గురించే. కొండ కనపడుతుందని మేం ఫ్లాటుకి ఎక్కువ పెట్టి కొన్నాం. ఆమె చవకని ఆ కొండ మీద ఉంటోంది.

సెప్టెంబరు 2
బుడమేరు వాగు సింగ్‌నగర్ మీద పడింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు. 2009లో వచ్చిన 11.10 లక్షలే పెద్దదనుకునేవాళ్లం. హెలికాప్టర్లు మా మేడ మీదుగానే తిరుగుతున్నాయి. డ్రోన్లతో అన్నం పొట్లాలు దించుతున్నారట. మా వీధిలోకి వరద నీళ్లు రాలేదు, జనరేటరు ఆగలేదు.

పాయకాపురం నుంచి మా ఆడపడుచు కుటుంబం నడుంలోతు నీళ్లలో బయటపడి, తడిసిన మూటలతో వచ్చింది. అపార్ట్‌మెంటు గ్రూపులో రాత్రి ఒక మెసేజీ: వరద ప్రాంతాల నుంచి వచ్చే అతిథులు లిఫ్టు బురద చేయకుండా మెట్లు వాడాలి. నాలుగంతస్తులు. మా ఆడపడుచుకి మోకాళ్ల నొప్పులు. లిఫ్టులోనే తీసుకొచ్చి, తెల్లారాక నేనే గుడ్డ పెట్టి తుడిచాను. తుడుస్తుంటే ఆ మెసేజీ పెట్టినాయన నమస్కారం పెట్టి మెట్లెక్కి వెళ్లాడు.

సెప్టెంబరు 6
మరిది ఫోను. "వదినా, మీ నీళ్లు మా దగ్గరికొచ్చాయి."

నిజమే. మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు బెజవాడని ముంచి, కొల్లేరుకి పోతూ దారిలో మా నందివాడ మండలాన్ని పలకరిస్తుంది. ఇక్కడ టీవీ వాళ్లు తగ్గుముఖం అంటున్న రోజునే అక్కడ ఎక్కడం మొదలు. నీళ్లు గట్టు పైకి వస్తే చేప ఆగదు, వరదకి ఎదురీది పోతుంది. అందుకని చెరువుల చుట్టూ కర్రలు పాతి వలలు కడుతున్నారట, రాత్రుళ్లు టార్చిలైట్లు పట్టుకుని. వల కింద అంచు మట్టిలో కప్పకపోతే అడుగు నుంచి జారిపోతుంది. కప్పడానికి గట్టు మీద ఆరిన మట్టే లేదు. ఇసుక బస్తాలు గుడివాడ నుంచి రావాలి, రోడ్డు మీద నీళ్లు. ఫోనులోనే ఎవరినో "ఆ మూల, ఆ మూల" అని అరిచి పెట్టేశాడు.

సెప్టెంబరు 7, చవితి
బుడమేరు మళ్లింపు కాలువకి పడిన మూడో గండి ఇవాళ పూడ్చారు. పటమట రైతుబజారులో పత్రి కట్ట అడిగిన ధరకే కొన్నాను. పూజలో ఎవరికీ మనసు లేదు, ఉండ్రాళ్లు మాత్రం మిగల్లేదు.

సెప్టెంబరు 22, ఆదివారం
మా చెరువు లీజుకి చేస్తున్న అబ్బాయి వచ్చాడు. సోఫా అంచున కూర్చుని ఏసీ వద్దన్నాడు. చేప సగం పోయిందట, మేత బాకీ అలాగే ఉందట. లీజు కిస్తీ సంక్రాంతి దాకా ఆగమన్నాడు. మా ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. మా ఫ్లాటు వాయిదా ఆ కిస్తీతోనే నడుస్తుంది. బ్యాంకు వాడికి బుడమేరు కథ చెబితే వింటాడా? అయినా సరేనన్నాం. భోజనం చేసి వెళ్లమంటే చేశాడు. వెళ్తూ వెళ్తూ బాల్కనీలోంచి చూసి, "ఇక్కడ నీళ్లేమీ రాలేదన్నమాట" అన్నాడు. నిష్ఠూరమో, సంతోషమో.

అక్టోబరు 11
రోడ్ల నిండా దసరాకి వచ్చిన ఎర్రబట్టల భవానీలు. ట్రాఫిక్ మళ్లించారు. రాత్రి పిల్లలతో స్టేడియం పక్క ఫుడ్ కోర్టుకి వెళ్లాం. అర్ధరాత్రికి కూడా కుర్చీ దొరకదు. ఈ సందడి నాకు ఇష్టమే, దాచుకోను. ఊళ్లో ఎనిమిదింటికి తలుపులేసుకుని పడుకునేదాన్ని.

అక్టోబరు 20
మరిది కొడుక్కి ఇక్కడ కాలేజీలో సీటు. వెనకవీధిలో రెండు బెడ్‌రూముల ఇల్లు చూడటానికి వెళ్లాం. ఓనరుది ముదినేపల్లి. అద్దె చెప్పకముందే, "మీది పొలమా, చెరువా?" అని అడిగాడు.

"చెరువేనండీ. వరదకి దెబ్బతింది."

"నాదీ అంతే. అద్దె పట్టుబడులప్పుడు కలిపి ఇద్దురుగాని. మెయింటెనెన్సు మాత్రం నెలనెలా కట్టాలి, అసోసియేషన్ వాళ్లు మన మాట వినరు."